నా మందుకు లొంగదు

ఎప్పుడో కుంకుమ పోసుకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా అది. మూత తీస్తే లోపల మిరియపు గింజంత నల్లటి గోలీలు. "రక్తం పట్టడానికమ్మా" అన్నారామె, వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినపడకూడదని గొంతు తగ్గించి.

గుంటూరు చుట్టుపక్కల ఒక ఏఆర్‌టీ కేంద్రంలో నేను పదమూడేళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. హెచ్‌ఐవీ మందులు ఇచ్చే కిటికీ నాది. ఆమె మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే కూలికి వెళ్లేవారు. చేతులు ఎంత కడుక్కున్నా మాత్ర వేసుకునేటప్పుడు నోటికి కారం తగులుతుందని చెప్పేవారు. ఎనిమిదేళ్లలో ఒక్క నెల మందు తప్పలేదు. వైరల్ లోడ్ పరీక్ష చేసిన ప్రతిసారీ వైరస్ లెక్కకు అందనంత తక్కువగానే ఉండేది. అలాంటిది ఆ ఏడాది ఒక్కసారిగా వేలల్లోకి ఎక్కింది.

డాక్టరుగారు కేకలు వేశారు. మాత్రలు ఎగ్గొట్టి అబద్ధాలు చెబుతున్నావన్నారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టాను. రోజుకు ఒకటి చొప్పున సరిగ్గా సరిపోయాయి. మాత్రలు పారేసి లెక్క సరిచేసుకునేవాళ్లు కూడా ఉంటారని నాకు తెలుసు. అయినా నేను నాటు వైద్యుడి కూతురిని, నాకు వేరే ప్రశ్న తట్టింది. "అక్కా, నీరసానికి బయట ఏమైనా వాడుతున్నారా? నేను తిట్టను. మా నాన్న కూడా మందు ఇచ్చే మనిషే" అన్నాను. అప్పుడు సంచిలోంచి ఆ కుంకుమ డబ్బా బయటికి వచ్చింది.

గోలీలు ఇచ్చిన వైద్యుడు వాటిని మండూరం అన్నాడట. మండూర భస్మం ఇనుప చిట్టెంతో చేస్తారు. మన దేశంలో 2020 తర్వాత హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఇస్తున్న మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఉంటాయి. ఈ మూడోదానికి ఒక బలహీనత ఉంది. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు వంటివి కడుపులో దానికి తగిలితే దాన్ని పట్టుకుని వదలవు. అప్పుడు మందు రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. అందుకే డోలుటెగ్రావిర్‌ను వాటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలైతే కడుపు నిండా తిని, దానితో కలిపి వేసుకోవచ్చు. ఆమె పొద్దున్నే పరగడుపున హెచ్‌ఐవీ మాత్ర, దాని వెంటనే రెండు గోలీలు వేసుకుంటున్నారు. వైద్యుడు పరగడుపున అన్నాడు, ఆసుపత్రిలో రోజూ ఒకే వేళకు అన్నారు. ఆమె ఇద్దరి మాటా పాటించారు.

డాక్టరుగారికి చెప్పి రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర ఉంది. అంటే రక్తం తక్కువగా ఉందన్న ఆ వైద్యుడి మాట నిజమే. నాలుగు నెలలుగా ఆమె నీరసమని మొరపెట్టుకుంటున్నా మా కేంద్రంలో ఎవరమూ చెవిన పెట్టలేదు. గోలీలు ఆపించి, ఆసుపత్రి ఇనుము మాత్రలు మధ్యాహ్నం భోజనంతో, హెచ్‌ఐవీ మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నాం. మూడు నెలల తర్వాత చేసిన పరీక్షలో వైరస్ మళ్లీ లెక్కకు అందలేదు. గోలీలే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆ గోలీల్లో ఏముందో ఏ ప్రయోగశాలకూ పంపలేదు. కానీ ఆ మూడు నెలల్లో ఆమె విషయంలో మారింది ఆ గోలీలూ, మాత్రల వేళలూ మాత్రమే.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ డబ్బా చుట్టూనే ఉంది. నాటు వైద్యం, ఆసుపత్రి వైద్యం కలవాలా వద్దా అని మనం సభల్లో వాదించుకుంటున్నాం. అవి ఎప్పుడో కలిసిపోయాయి, రోగి కడుపులో. ఆ సంగతి ఇద్దరు వైద్యులకూ తెలియకుండా జరుగుతోంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. డాక్టరు తిడతాడని గోలీల సంగతి దాస్తారు. ఊళ్లో తెలిసిపోతుందని నాటు వైద్యుడి దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాస్తారు. రెండు మౌనాల మధ్య మనుషులు పోతున్నారు.

ఇది ఏదో మూలనున్న కొద్దిమంది సమస్య కాదు. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు మూడు లక్షలకు పైనే. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత మనమే. ఈశాన్యంలోని మిజోరం, నాగాలాండ్, మణిపూర్‌లను పక్కన పెడితే, పెద్దవాళ్లలో నూటికి ఎందరికి ఉందన్న లెక్కలో మనదే మొదటి స్థానం. వీళ్లందరికీ మందు ఉచితం. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత మందుల పంపిణీ మొదలైంది. 2017 నుంచి సీడీ4 లెక్క, అంటే రక్తంలో రోగనిరోధక కణాల సంఖ్య, ఎంతున్నా సరే, పరీక్షలో తేలిన వెంటనే మందు మొదలుపెడుతున్నారు. అంటే ఒక మనిషి ముప్పై, నలభై ఏళ్లు ఈ మాత్ర వేసుకోవాలి. ఆ నలభై ఏళ్లలో అతనికి కామెర్లు రావా, కీళ్లు పట్టవా, గజ్జి రాదా, నీరసం కమ్మదా? వచ్చిన ప్రతిసారీ అతను మా కిటికీ దగ్గరికే వస్తాడని ఎలా అనుకుంటాం?

నాన్న సంగతి చెప్పాలి. తెనాలి దగ్గర ఒక పల్లెలో ఆయన కామెర్లకు మందు ఇచ్చేవారు. తాతగారి నుంచి వచ్చిన విద్య. నేల ఉసిరి మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, నూరి, పసరు తీసి మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. డబ్బు తీసుకునేవారు కాదు, తాంబూలం పెడితే పుచ్చుకునేవారు. నూనె, మాంసం, కారం మానాలి. చప్పిడి కూర, మజ్జిగ అన్నమే పథ్యం. "పథ్యం తప్పితే నన్ను అడగవద్దు" అనేవారు. మందు కంటే పథ్యం గురించి చెప్పడానికే ఎక్కువ సేపు పట్టేది. వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లు విప్పించి చూసి, ఇంట్లో ఎవరు వండుతారో, ఏ నీళ్లు తాగుతున్నారో, పొలానికి ఎప్పుడు వెళ్తారో అన్నీ అడిగేవారు. మా కేంద్రంలో ఒక్కొక్కరికి దక్కేది మూడు నిమిషాలు. అది అక్కడి డాక్టర్ల తప్పు కూడా కాదు. బయట నూటయాభై మంది నిలబడి ఉంటారు.

నేను ఫార్మసీ చదివిన తర్వాత ఆయనతో చాలా వాదించాను. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయని, ఆ పేరు పసరుకు దక్కుతోందని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. తర్వాత ఒకరోజు ఇంకో సంగతి కూడా చెప్పాను. మద్రాసు పరిశోధకులు నేల ఉసిరిని హెపటైటిస్ బి ఉన్నవాళ్ల మీద ప్రయోగించి చూశారు, 1988లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, మందు తీసుకున్నవాళ్లలో సగానికి పైగా వైరస్ ఆనవాలు పోయిందని రాశారు, తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. చివరి మాటకు బాధపడతారనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన మొక్కను పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారన్నమాట" అన్నారు. నిలబడలేదన్న మాటకంటే, ఒకరు పనిగట్టుకుని చూశారన్న మాట ఆయనకు పెద్దదైంది. ఆ రోజు నుంచి ఆయన నా మాట వినడం మొదలుపెట్టారు. నేనూ ఆయన మాట వినడం నేర్చుకున్నాను.

అయినా ఆలస్యమైంది.

2013లో మా పక్క ఊరి కుర్రాడొకడు నా కిటికీ దగ్గర మందు తీసుకునేవాడు. వరికోత యంత్రం నడిపేవాడు, పాతికేళ్లు దాటి ఉంటాయి. హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బి కూడా ఉంది. ఉన్నట్టుండి రావడం మానేశాడు. మందు మానినవాళ్ల జాబితాలో పేరు చేరింది. ఫోను పనిచేయలేదు. ఇంటికి వెళ్లిన మనిషికి అతను కోతల పనికి వెళ్లాడని చెప్పారు. అయిదు నెలల తర్వాత ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. అప్పటికే క్షయ మెదడుకు పాకింది. పదకొండు రోజులు బతికాడు.

వాళ్ల అమ్మ నా చేయి పట్టుకుని ఏడుస్తూ, "మీ నాన్నగారి మందు కూడా వాడాడమ్మా. కామెర్లు వస్తే అక్కడికే తీసుకెళ్లాను" అంది. పసరు వాడినన్నాళ్లూ ఇంగ్లీషు మాత్రలు మానమని నాన్న ప్రతివాళ్లకూ చెప్పేవారు. రెండు మందులు కలిస్తే కాలేయానికి భారమని ఆయన నమ్మకం. జ్వరం మాత్రలో, నొప్పుల మాత్రలో వాడేవాళ్లకు ఆ మాట మంచిదే. కానీ ఈ కుర్రాడి మాత్రలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్ అతని హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బిని కూడా పట్టి ఉంచాయి. వాటిని చటుక్కున ఆపితే కాలేయంలో వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, కామెర్లు ఇంకా ముదురుతాయి. పసరు ఫలించలేదని పసరు పెంచారు. మాత్ర మొదలుపెట్టలేదు. మాత్ర ఏమిటో ఆ అబ్బాయి మా నాన్నకు చెప్పలేదు, నాన్న అడగలేదు. కామెర్లు వచ్చాయని మా కేంద్రానికి రాలేదు, వస్తే ఎవరి మందు తిన్నావని తిడతారని. తండ్రీకూతుళ్లం ఇద్దరమూ ఒకే మనిషికి మందు ఇచ్చాం. మా ఇద్దరి మధ్య పన్నెండు మైళ్ల దూరం ఉంది.

మందు కొంతకాలం ఆపి మళ్లీ మొదలుపెడితే ఏమవుతుందో వైద్యశాస్త్రం చూసింది. దేశదేశాల్లో కొన్ని వేలమంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని 2006లో మధ్యలోనే నిలిపేశారు. విరామం ఇచ్చినవాళ్లలో జబ్బులు, మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. మా ఊరి అరుగు దాకా ఆ సంగతి ఎవరు తీసుకురావాలి? నేను. నేను ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన ఇచ్చేది కామెర్ల మందే కదా, మా జబ్బుతో ఆయనకేం పని అనుకున్నాను.

ఆ తల్లి నాన్న దగ్గరికి కూడా వెళ్లి చెప్పింది. మర్నాడు ఆయన బస్సెక్కి మా కేంద్రానికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. వరండాలో బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూశారు. "వీళ్లలో ఆరుగురు నా దగ్గరికి వచ్చినవాళ్లే" అన్నారు వెళ్లేటప్పుడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్పాలి. ఇద్దరూ కలిసి పనిచేయాలి అనగానే కొందరు, మూలికలతో ఎయిడ్స్ నయమవుతుందని నేను ఒప్పుకున్నట్టు సంబరపడతారు. నయం కాదు. ఇవాళ్టి దాకా ఏ మూలికా, ఏ భస్మమూ హెచ్‌ఐవీని ఒంట్లోంచి తీసేయలేదు. మండలం రోజుల్లో నెగటివ్ చేస్తామని బస్టాండు గోడల మీద కాగితాలు అంటించే మనుషుల్ని నేను వైద్యులనను. పుస్తెలు అమ్మించి పొడి పొట్లాలు అంటగట్టేవాళ్లు వాళ్లు. మన చట్టమే అది నేరమంటోంది. 1945 నాటి మందులు, సౌందర్య సాధనాల నియమావళిలో షెడ్యూల్ జె అని ఒకటుంది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదనే ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఎయిడ్స్.

ఈ విషయంలో ఒక దేశం ప్రాణాలతో మూల్యం చెల్లించింది. దక్షిణాఫ్రికాలో ఎంబెకి అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో ఆరోగ్యమంత్రి మాంటో షబలాల సిమాంగ్ వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూట్ తినమని చెబుతూ మందుల పంపిణీని సాగదీశారు. 2000 నుంచి 2005 దాకా జరిగిన ఆ జాప్యం మూడు లక్షల ముప్పై వేలకు పైగా ప్రాణాలు తీసిందని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు. గాంబియా అధ్యక్షుడు యాహ్యా జామే 2007లో మూలికలతో ఎయిడ్స్ నయం చేస్తానని ప్రకటించి, తన దగ్గరికి వచ్చినవాళ్ల చేత ఆసుపత్రి మందులు మాన్పించాడు. సంప్రదాయం పేరు చెప్పి మందు మాన్పించడం ఒక దారి. సంప్రదాయ వైద్యుడి చేతనే మందు వేయించడం ఇంకో దారి. రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్ల వల్ల రెండో దారి మూసుకుపోతోంది.

రెండో దారిలో నడిచినవాళ్లు కూడా ఆఫ్రికాలోనే ఉన్నారు. ఉగాండాలో 1992లో తీటా అనే సంస్థ మొదలైంది. ఎయిడ్స్ బాధితులే కలిసి కట్టుకున్న టాసో అనే సంస్థ, దేశదేశాల్లో వైద్యసేవ చేసే ఎంఎస్ఎఫ్ బృందం దానికి పునాది వేశాయి. సంప్రదాయ వైద్యులు, ఆధునిక వైద్యులు కలిసి ఎయిడ్స్‌ను ఎదుర్కోవాలన్నది దాని పేరులోనే ఉంది. ఆ రోజుల్లో వైరస్‌ను అణచే మందులు అక్కడి పేదలకు అందనే లేదు. ఒంటి మీద మంటతో పొక్కులు లేచే అగ్గిచప్పి, తగ్గని విరేచనాలు, ఈ రెండింటికి కంపాలా సంప్రదాయ వైద్యులు ఇచ్చే మూలికలు ఏ మేరకు పనిచేస్తున్నాయో ఇద్దరూ కలిసి చూశారు. ఎగతాళి చేయలేదు, గుడ్డిగా ఒప్పుకోలేదు, చూశారు. అదే కలయికలోంచి ఆ వైద్యులు ఊళ్లలో హెచ్‌ఐవీ గురించి చెప్పే మనుషులుగా, ధైర్యం చెప్పే మనుషులుగా తయారయ్యారు. అదే దేశంలో ఎంబరారా జిల్లాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. సంప్రదాయ వైద్యుల దగ్గరే హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఏర్పాటు ఉన్నచోట పాల్గొన్నవాళ్లందరూ పరీక్ష చేయించుకున్నారు. ఆసుపత్రికి వెళ్లి చేయించుకోండని చెప్పి పంపినచోట నాలుగో వంతు మంది కూడా చేయించుకోలేదు. ఆ మాట చదివినప్పుడు మా అరుగు కళ్లముందు కదిలింది. నాన్న దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతమంది ఏ పరీక్షా లేకుండా వెనక్కి వెళ్లిపోయి ఉంటారు?

పథ్యం దగ్గరికి మళ్లీ వస్తాను, నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి అదే. మందు మొదలుపెట్టిన ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర అడిగే మొదటి ప్రశ్న, "పథ్యం ఏమిటమ్మా?" మేము గర్వంగా, "ఏమీ లేదు, అన్నీ తినండి" అంటాం. తిండి విషయంలో అది నిజమే. కానీ వినేవాడికి ఆ జవాబు ఎలా చేరుతుందో మేము ఆలోచించలేదు. పథ్యం లేని మందు మన ఊళ్లలో మందు కిందే లెక్క కాదు. పథ్యమంటే తిండి ఒక్కటే కాదు, మందు తీసుకునే మనిషి మందుకు ఇచ్చే మాట. వేళ తప్పకపోవడం, పండగైనా పెళ్లైనా మందు మరిచిపోకపోవడం, తాగుడు మానడం, ఇంటిల్లిపాదీ ఆ మనిషి కోసం వంట మార్చుకోవడం. హెచ్‌ఐవీ మందుకు కావలసింది సరిగ్గా ఇదే. మేము కౌన్సెలింగ్ అని పేరుపెట్టి, బొమ్మల కాగితాలు చూపించి, ఎన్నేళ్లో కష్టపడి నేర్పాలని చూసిన క్రమశిక్షణ అంతా ఆ ఒక్క తెలుగు మాటలో ఉంది. దాన్ని మేమే చెత్తబుట్టలో వేశాం.

వేడి సంగతీ అంతే. "ఈ మాత్రలు వేడి చేస్తున్నాయి" అని వచ్చినవాళ్లను ఎందరు నవ్వి పంపేశారో చూశాను. పూర్వం స్టావుడిన్ ఇచ్చిన రోజుల్లో నరాలు దెబ్బతిని అరికాళ్లు మండేవి. ఎఫావిరెంజ్ వేసుకున్నవాళ్లకు తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. నెవిరపిన్‌కు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. వీటన్నిటికీ రోగికి తెలిసిన మాట ఒక్కటే, వేడి. ఆ మాట విన్న నాటు వైద్యుడు సబ్జా గింజల నీళ్లు, బార్లీ, మజ్జిగ చెప్పేవాడు. మజ్జిగ తాగితే తప్పేమీ లేదు. కానీ మంట తగ్గనప్పుడు మాత్ర మానమనేవాడు. వేడి అంటే ఏమిటో మేము ఆరా తీసి ఉంటే ఎన్ని మందుల దుష్ఫలితాల్ని ముందే పట్టుకునేవాళ్లమో.

నాతో కలిసి పనిచేసిన ఒక డాక్టరుగారు, నిజాయతీగల మనిషి, నా వాదన విని ఇలా అన్నారు: "వాళ్లకు మనం గుర్తింపు ఇస్తే ఆ గుర్తింపును గోడకు తగిలించుకుని భస్మాలు అమ్ముతారు. రేపు మూత్రపిండాలు పాడైన మనిషిని నేనే చూడాలి." ఆ భయం కొట్టిపారేయదగింది కాదు. అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో కొన్న 70 రకాల ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 రకాల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికిందని 2004లో తేలింది. టెనోఫోవిర్ వాడేవాళ్ల మూత్రపిండాల్ని ఎలాగూ కనిపెట్టుకుని ఉండాలి. దాని మీద సీసం, పాదరసం చేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మూడేళ్ల కిందట ఆయన ఆ మాట అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. భస్మాలు ఇప్పుడు కూడా అమ్ముతున్నారు, ఇప్పుడు కూడా మింగుతున్నారు. మనం మాట్లాడనంత మాత్రాన ఒక్క గోలీ తగ్గలేదు. నేను అడుగుతున్నది వాళ్ల మందుకు గుర్తింపు కాదు, వాళ్ల అరుగుకు గుర్తింపు. జనం మొదట కూర్చునే చోటు అది.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కరోనా మందు కోసం జనం ఎలా విరగబడ్డారో మనందరం చూశాం. ప్రభుత్వం మందును పరిశీలింపజేసి, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇవ్వవచ్చంది. గొడవ చల్లారింది. ఒప్పుకోవడమో నిషేధించడమో తప్ప మన ప్రభుత్వాలకు మూడో పని తెలియదని ఆ రోజు అనిపించింది. మూడో పని నిదానమైనది. ఒక మండలంలో ఎవరెవరు మందు ఇస్తున్నారో తెలుసుకోవాలి. నెలకోసారి వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. ఏ లక్షణాలు కనబడితే పంపాలో చెప్పాలి. ఏ మందు ఏ మందుతో పడదో చెప్పాలి, వాళ్లు ఏమేం కలుపుతున్నారో వినాలి. పంపిన మనిషిని ఎవరు పంపారని కసిరిపారేయకుండా చూడాలి. విజయవాడలో నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. 1986 నుంచి అదే నగరంలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. అల్లోపతి, ఆయుర్వేదం రెండు చదువులకూ పట్టా ఇచ్చేది ఆ విశ్వవిద్యాలయమే. ఆ రెండు చదువుల పిల్లలూ కనీసం ఒక నెల ఒకే ఏఆర్‌టీ కేంద్రంలో పక్కపక్కన కూర్చుంటే నష్టమేమిటి? ఆయుర్వేద పట్టా ఉన్న వైద్యుడికి సంస్కృతంలో మండూరం అంటే ఏమిటో తెలుసు, పసరు ఇచ్చే మనిషితో ఆయన భాషలో మాట్లాడగలడు. మధ్యవర్తి మనింట్లోనే ఉన్నాడు, పిలవలేదంతే.

ఒక్క విషయంలో మాత్రం గట్టి గీత ఉండాలి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, అతని స్థితిని ఇంకొకరికి చెప్పకూడదు. నాటు వైద్యుడు పంపాడు కదా అని ఫలితం ఆయనకు తెలపడానికి వీల్లేదు. పల్లెలో ఒక్క నోరు జారితే ఒక కుటుంబం నీళ్ల పంపు దగ్గర నిలబడలేదు. ఇద్దరు వైద్యుల స్నేహం కోసం రోగి రహస్యాన్ని ఖర్చుపెట్టకూడదు.

ఆ కుర్రాడు పోయిన తర్వాత నాన్న అరుగు మీద ఒక మార్పు వచ్చింది. పసరు నూరకముందే, "ఆసుపత్రి మాత్రలు ఏమైనా వాడుతున్నావా? ఏ జబ్బుకో నాకు చెప్పనక్కరలేదు. వాడుతుంటే మానవద్దు, ముందు అక్కడికి వెళ్లి కామెర్లని చెప్పు" అనేవారు. మందు వేళ రాసుకోవడం రానివాళ్లకు ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గీత గీసుకోమనేవారు. రాత్రి మాత్ర వేసుకున్నాక ఒక గీత. "ఇదీ పథ్యమే" అనేవారు.

ఎక్కువ రోజులు జ్వరం ఉన్నవాళ్లనూ, చిక్కిపోతున్నవాళ్లనూ చీటీ రాసి పంపడం మొదలుపెట్టారు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం, వంకర అక్షరాలు. "ఈ మనిషికి ఇరవై రోజులుగా జ్వరం. నోట్లో తెల్లగా పూస్తోంది. నా మందుకు లొంగదు. చూడగలరు." జబ్బు పేరు రాసేవారు కాదు, రాయడం తన పని కాదనేవారు. మొదటి చీటీని ఒక ఆసుపత్రిలో డాక్టరు చదవకుండానే కింద పడేశారని తెచ్చినవాళ్లు చెప్పారు. రెండోదీ, మూడోదీ ఏమయ్యాయో తెలియదు. ముప్పై ఏళ్లు మందు ఇచ్చిన మనిషి నా మందుకు లొంగదని రాయడానికి ఎంత తెగువ కావాలో ఆ కాగితం కింద పడేసిన చేతికి తెలియదు. ఆయన రాయడం మానలేదు.

ఏడో చీటీకో ఎనిమిదో చీటీకో జవాబు వచ్చింది. అప్పుడే కొత్తగా చేరిన ఒక చిన్న డాక్టరమ్మ ఆసుపత్రి చీటీ వెనక రాసి పంపింది. నాన్న కళ్లజోడు దొరక్క నాచేత చదివించుకున్నారు.

"వైద్యులుగారికి నమస్కారం. మీరు పంపినవారు వచ్చారు. సకాలంలో పంపారు. మందు మొదలుపెట్టాం. వారికి రెండు నెలలు మీ మందు ఏదీ ఇవ్వవద్దు. మజ్జిగ ఇవ్వవచ్చు. జ్వరం మళ్లీ వస్తే వెంటనే పంపండి."

"ఏ జబ్బో రాయలేదే" అన్నారు నాన్న.

"రాయకూడదు నాన్నా."

ఆయన ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఇంకోసారి తిప్పి చూసి, పంచాంగం మధ్యలో పెట్టారు. అరుగు మీద అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లలో చిక్కిపోయి ఉన్న మనిషిని చూసి, "అమ్మాయీ, ఒక కాగితం చింపు" అన్నారు.